వెనుకవైపు రాత: మైనర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్ల ఛాయాచిత్రాలు, క్రీడాపాత్రికేయుల సేకరణలు

వ్యాససంగ్రహం

అమెరికాలోని చిన్న పట్టణాల బేస్‌బాల్ జట్లలో ఆడిన వేలాది మంది ఆటగాళ్ల ముఖాలు నేటికీ మిగిలి ఉన్నాయంటే, అందుకు ఒక ముఖ్యకారణం క్రీడాపాత్రికేయులు దాచిపెట్టిన ఛాయాచిత్రాలు. ప్రసిద్ధ ఆటగాడి బొమ్మకు వివరణ అవసరం లేదు. అనామక ఆటగాడి విషయంలో మాత్రం ఛాయాచిత్రం వెనుకవైపున ఉన్న పెన్సిల్ రాత, ముద్ర, అతికించిన పత్రికా శీర్షిక చాలాసార్లు ఏకైక సాక్ష్యాలవుతాయి. ఇటువంటి సేకరణలు ఎలా ఏర్పడతాయో, వాటిని ఎలా చదవాలో, అవి చెదిరిపోయినప్పుడు ఏది నష్టమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: బేస్‌బాల్, మైనర్ లీగ్, క్రీడాపాత్రికేయం, ఛాయాచిత్రం, అభిలేఖాగారం, ఎర్నీ హార్వెల్.

1. ప్రస్తావన

1948లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు రేడియో వ్యాఖ్యాత రెడ్ బార్బర్ కడుపులో పుండుతో ఆసుపత్రి పాలయ్యాడు. ఆయన స్థానంలోకి అట్లాంటా క్రాకర్స్ అనే మైనర్ లీగ్ జట్టు వ్యాఖ్యాత ఎర్నీ హార్వెల్‌ను తీసుకోవాలని డాడ్జర్స్ అధినేత బ్రాంచ్ రికీ సంకల్పించాడు. హార్వెల్‌కు క్రాకర్స్‌తో ఒప్పందం ఉంది. ఆ జట్టు అధ్యక్షుడు ఎర్ల్ మన్ ఒక షరతు మీద అతణ్ని వదులుకోవడానికి అంగీకరించాడు. డాడ్జర్స్ అధీనంలోని మాంట్రియల్ జట్టులో క్లిఫ్ డాపర్ అనే క్యాచర్ ఉన్నాడు, అతణ్ని తనకివ్వాలి. అలా ఒక వ్యాఖ్యాతకు బదులుగా ఒక ఆటగాడు చేతులు మారాడు. బేస్‌బాల్ చరిత్రలో ఇది తరచుగా చెప్పుకునే వినోదకథ.

ఆ కథలో హార్వెల్ తర్వాత ఏమయ్యాడో అందరికీ తెలుసు. 1960 నుంచి 2002 వరకు, మధ్యలో ఒక్క సంవత్సరం తప్ప, డెట్రాయిట్ టైగర్స్ ఆటలను శ్రోతలకు వినిపించిన గొంతు ఆయనది. 1981లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు ప్రసారకర్తల పురస్కారం ఇచ్చింది. మరి డాపర్? మేజర్ లీగ్ పట్టికల్లో అతని పేరున ఒక్క పంక్తి ఉంది. 1942లో బ్రూక్లిన్ తరఫున 8 ఆటలు, 17 సార్లు బ్యాటింగ్, 8 హిట్లు, సగటు .471. ఆ తర్వాత అతడు మేజర్ లీగ్‌లో మరి ఆడలేదు. తక్కిన వృత్తిజీవితమంతా చిన్న మైదానాల్లో గడిచింది.

ఈ కథను ప్రస్తావనలో చెప్పడానికి వినోదం కాక మరో కారణముంది. హార్వెల్ పదహారేళ్ల వయసులోనే 'ది స్పోర్టింగ్ న్యూస్' వారపత్రికకు అట్లాంటా విలేకరిగా రాయడం మొదలుపెట్టాడు. పత్రికవారు తనను పెద్దవాడనుకోవాలని ఉత్తరంలో డబ్ల్యూ. ఎర్నెస్ట్ హార్వెల్ అని సంతకం చేశాడు. చిన్నప్పుడు క్రాకర్స్ మైదానంలో బ్యాట్లు అందించిన కుర్రవాడు కూడా అతడే. జీవితమంతా బేస్‌బాల్ ఛాయాచిత్రాలు, పుస్తకాలు, కత్తిరింపులు కూడబెట్టి, 1960ల మధ్యలో ఆ సంపదను డెట్రాయిట్ ప్రజాగ్రంథాలయానికి ఇచ్చివేశాడు. బర్టన్ చారిత్రక సేకరణ విభాగంలో అది నేడు హార్వెల్ పేరుతోనే ఉంది. డాపర్ వంటి ఆటగాళ్ల ఉనికిని హార్వెల్ వంటి పాత్రికేయులు ఎలా నిలబెట్టారన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

2. మైనర్ లీగ్ అంటే

తెలుగు పాఠకుడికి వెంటనే స్ఫురించే పోలిక రంజీ ట్రోఫీ. క్రికెట్ తప్ప మరో బ్యాటు ఆట చూస్తూ పెరగని ఈ వ్యాసకర్తకూ మొదట అదే స్ఫురించింది. కానీ ఆ పోలిక ఎక్కువ దూరం నడవదు. రంజీ జట్టు ఒక రాష్ట్ర సంఘానికి ప్రాతినిధ్యం వహిస్తుంది. మైనర్ లీగ్ జట్టు ఒక పట్టణానికి చెందిన వ్యాపారం. చాలా సందర్భాల్లో ఆ జట్టు ఆటగాడి ఒప్పందం ఎక్కడో మహానగరంలోని మేజర్ లీగ్ జట్టు చేతిలో ఉంటుంది. ఊరు అతణ్ని చూసి చప్పట్లు కొడుతుంది, కానీ అతడు ఆ ఊరివాడు కాడు. వచ్చే వారం ఉంటాడన్న భరోసా లేదు.

మైనర్ లీగుల జాతీయ సంఘం 1901లో షికాగోలో ఏర్పడింది. లీగులను ఎ, బి, సి, డి తరగతులుగా విభజించారు. కాలక్రమంలో పైన డబుల్ ఎ, ట్రిపుల్ ఎ చేరాయి. అట్టడుగున ఉన్న డి తరగతిలో పొగాకు పట్టణాలు, నూలు మిల్లుల ఊళ్లు, గనుల బస్తీలు జట్లను నిలుపుకున్నాయి. సెయింట్ లూయీ కార్డినల్స్ అధిపతిగా ఉన్నప్పుడు బ్రాంచ్ రికీ ఈ జట్లను నారుమళ్లలా వాడుకునే పద్ధతిని స్థిరపరిచాడు. 1940 నాటికి కార్డినల్స్ చేతికింద 30 జట్ల దాకా ఉండేవి. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ఈ వ్యవస్థ ఉచ్ఛస్థితికి చేరింది. 1949లో 59 లీగులు, నాలుగు వందలకు పైగా జట్లు, దాదాపు 4 కోట్ల మంది ప్రేక్షకులు. ఆ తర్వాత ఇంటింటికీ టెలివిజన్ వచ్చింది. మేజర్ లీగ్ ఆట వరండాలోకే వచ్చేసరికి ఊరి మైదానంలో బెంచీలు ఖాళీ అయ్యాయి. పదిహేనేళ్లలో లీగుల్లో ఎక్కువ భాగం మూతపడ్డాయి.

ఈ సంఖ్యల వెనుక ఉన్న విషయం ఇది. ఏటా వేలాది మంది యువకులు ఈ జట్లలో ఆడారు. వారిలో మేజర్ లీగ్ మెట్టు ఎక్కినవారు బహుకొద్దిమంది. తక్కినవారు రెండు మూడు వేసవులు ఆడి ఇంటికి వెళ్లారు. వారి గురించి పుస్తకాలు రాలేదు. లీగు మూతపడ్డప్పుడు జట్టు కార్యాలయ కాగితాలు సైతం చాలాచోట్ల మాయమయ్యాయి. మిగిలింది ఊరి దినపత్రిక, అందులో క్రీడల పుట రాసినవాని సొరుగు.

3. పాత్రికేయుని సొరుగు

చిన్న పట్టణపు క్రీడాపాత్రికేయుడు ఒక్క పని చేసేవాడు కాడు. ఆట చూసేవాడు, రాసేవాడు, చాలాచోట్ల అధికారిక స్కోరరుగా కూడా కూర్చునేవాడు. ఒక బంతి హిట్టో, ఫీల్డరు పొరపాటో నిర్ణయించేది ఆ కలమే. అంటే మనకు అందిన మైనర్ లీగ్ గణాంకాల్లో గణనీయమైన భాగం పాత్రికేయుల తీర్పుల మీదనే నిలబడి ఉంది. అదే చేతికి ఛాయాచిత్రాలూ వచ్చేవి. వసంతంలో జట్టు ఊరికి చేరగానే కొత్త ఆటగాళ్లను వరుసగా నిలబెట్టి బొమ్మలు తీయించేవారు. కొన్ని జట్టు కార్యాలయం పంపినవి, కొన్ని ఊరి స్టూడియోలో తీసినవి, కొన్ని పత్రిక సొంత ఫొటోగ్రాఫరువి. 1935 జనవరి 1న అసోసియేటెడ్ ప్రెస్ తంతిమార్గంలో ఛాయాచిత్రాలు పంపే ఏర్పాటు ప్రారంభించాక, దూరపు ఊళ్ల బొమ్మలు కూడా చేరసాగాయి.

వీటిలో అత్యధికం భుజాల దాకా తీసిన ముఖచిత్రాలు. కళాదృష్టితో చూస్తే వాటిలో ఏమీ లేదు. టోపీ, కళ్లలో పడుతున్న ఎండ, నవ్వాలా వద్దా అన్న సందేహం. పత్రికకు కావలసింది కూడా అంతే: సగం కాలమ్ వెడల్పులో పట్టే ముఖం. ఆటగాడు గెలిపించినా, పై తరగతికి వెళ్లినా, గాయపడినా అదే బొమ్మ మళ్లీ అచ్చయ్యేది. అందుకే దాన్ని పారవేయకుండా అక్షరక్రమంలో కవర్లలో ఉంచేవారు. అమెరికా పత్రికా కార్యాలయాల్లో ఇలాంటి కాగితాల గదికి ఉన్న వ్యవహారనామం 'మోర్గ్', అంటే శవాగారం.

ఆ పేరు కొన్ని రోజుల్లో కేవలం హాస్యంగా ఉండదు. 1946 జూన్ 24న స్పోకేన్ ఇండియన్స్ జట్టు బస్సు వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోక్వాల్మీ కనుమ దగ్గర లోయలోకి జారిపడింది. తొమ్మిది మంది ఆటగాళ్లు మరణించారు. దారిలో ఎలెన్స్‌బర్గ్‌లో భోజనానికి ఆగినప్పుడు జాక్ లోర్కీ అనే ఆటగాడికి పై తరగతి జట్టు శాండియాగో నుంచి పిలుపు వచ్చినట్టు కబురందింది. అతడు సామాను దించుకుని వెనక్కి బయలుదేరాడు. తర్వాత మేజర్ లీగ్‌లో కొన్నేళ్లు ఆడాడు, జీవితాంతం 'లక్కీ' అనే పేరు మోశాడు. ఆ పేరు అతనికి నచ్చేది కాదంటారు. అలాంటి రాత్రి ఏ పత్రికాకార్యాలయంలోనైనా మొదట తెరుచుకునేది ఈ సొరుగే. ఏప్రిల్‌లో ఎండకు కళ్లు చికిలిస్తూ తీయించుకున్న ముఖం జూన్‌లో మరణవార్త పక్కన అచ్చవుతుంది. బొమ్మ అదే, దాని అర్థం మారుతుంది. ఆ మార్పు నమోదయ్యేది బొమ్మ ముందువైపున కాదు.

4. ముందువైపు, వెనుకవైపు

పత్రికకోసం వాడిన ఛాయాచిత్రాన్ని చేతిలోకి తీసుకుంటే ముందుగా కనిపించేది దాని మీద జరిగిన పని. అచ్చులో ముఖం నేపథ్యంలో కలిసిపోకుండా ఆటగాడి చుట్టూ తెల్లని లేదా బూడిద రంగు పూసేవారు. టోపీ అంచును కుంచెతో దిద్దేవారు. ఎంత మేర అచ్చువేయాలో మైనపు పెన్సిలుతో గీతలు గీసేవారు. ఈ గీతల్ని మచ్చలుగా భావించి డిజిటల్ రూపంలో తుడిచివేయడం కొందరు చేసే పొరపాటు. అవి మచ్చలు కావు, ఒక పని చేసిన చేతి గుర్తులు.

వెనక్కి తిప్పితే అసలు పాఠం ఉంటుంది. పెన్సిలుతో ఇంటిపేరు, ఒక్కోసారి ముద్దుపేరు. ఏ స్థానంలో ఆడతాడో ఒక్క మాట. పత్రిక గ్రంథాలయం వేసిన తేదీ ముద్ర. రెండోసారి అచ్చువేస్తే రెండో ముద్ర. ఎన్ని కాలమ్‌ల వెడల్పో సూచించే అంకె. అచ్చయిన శీర్షికను కత్తిరించి అతికించిన ముక్క, పసుపుబారి పెళుసుగా మారిన జిగురు. ఫొటోగ్రాఫరు లేదా వార్తాసంస్థ ముద్ర. ఒక ఊహాచిత్రం తీసుకుందాం. ఒక బొమ్మ వెనుక మూడు తేదీ ముద్రలున్నాయి. మొదటిది ఏప్రిల్, రెండవది అదే ఏడాది జూలై, మూడవది పదకొండేళ్ల తర్వాతిది. మొదటి ముద్ర దగ్గర ఒక జట్టు పేరు రాసి కొట్టివేశారు, పక్కన మరో జట్టు పేరు. మూడవ ముద్ర పక్కన 'కోచ్' అన్న మాట. ఆ ముగ్గురు ఉపసంపాదకులకు తెలియకుండానే ఒక జీవితచరిత్రకు రూపురేఖలు ఏర్పడ్డాయి. ముందువైపున మాత్రం అదే ఇరవై ఏళ్ల ముఖం.

తాళపత్ర గ్రంథాలతో పరిచయమున్న తెలుగు పరిశోధకులకు ఇది కొత్త సంగతి కాదు. ప్రతి ఎప్పుడు, ఎక్కడ, ఎవరికోసం రాయబడిందో చాలాసార్లు చివరి ఆకులో లేఖకుడు రాసుకున్న నాలుగు పంక్తుల వల్లనే తెలుస్తుంది. కావ్యం ప్రసిద్ధమైతే ఆ పంక్తులు లేకపోయినా కావ్యం నిలుస్తుంది, ప్రతులు వేరే ఉంటాయి. ఒకే ఒక్క ప్రతి ఉన్న గ్రంథానికి ఆ నాలుగు పంక్తులు పోతే కాలం, స్థలం రెండూ పోతాయి. బేస్‌బాల్ ఛాయాచిత్రాల్లోనూ అదే తారతమ్యం. బేబ్ రూత్ ముఖాన్ని వెనుక ఏమీ రాయకపోయినా పోల్చవచ్చు. డి తరగతి లీగులో ఒక వేసవి ఆడి వెళ్లిన షార్ట్‌స్టాప్ ముఖాన్ని పోల్చగలవారు నేడు లేరు.

దీని నుంచి ఒక ఆచరణ సూత్రం వస్తుంది. ఛాయాచిత్రాన్ని స్కాన్ చేసేటప్పుడు రెండు వైపులా స్కాన్ చేయాలి, వెనుక రాతను అక్షరాలా వివరణలో ఎక్కించాలి. తప్పు ఉన్నా దిద్దకుండా ఎక్కించి, దిద్దుబాటును వేరుగా చూపాలి. డెట్రాయిట్ ప్రజాగ్రంథాలయం తన డిజిటల్ సేకరణ వివరణల్లో చాలాచోట్ల వెనుకవైపు చేతిరాతను, ముద్రను పేర్కొంటుంది. అన్ని సంస్థలూ ఆ శ్రమ పడవు. వేల బొమ్మలు, కొద్దిమంది సిబ్బంది, పరిమిత నిధులు ఉన్నచోట వెనుకవైపు అనవసర వ్యయంగా కనిపిస్తుంది. ఈ వ్యాసకర్త దృష్టిలో అది తలకిందులైన పొదుపు. ఒక వైపే స్కాన్ చేయగలిగే పరిస్థితి వస్తే, మైనర్ లీగ్ బొమ్మల విషయంలో వెనుకవైపునే ఎంచుకోవాలని కూడా వాదించవచ్చు.

5. పేరు లేని ముఖానికి పేరు

వెనుక రాత లేని బొమ్మలు కూడా ఉంటాయి, రాత తప్పుగా ఉన్నవీ ఉంటాయి. అప్పుడు చొక్కా చదవాలి. ఇందులో ఒక చిక్కుంది. కింది తరగతి జట్లకు మాతృజట్టు తన పాత దుస్తులను పంపడం మామూలు. రొమ్ముమీద 'కార్డినల్స్' అని ఉన్నంత మాత్రాన సెయింట్ లూయీ ఆటగాడని అనుకోరాదు, డజన్ల కొద్దీ ఊళ్లలో ఏదైనా కావచ్చు. దుస్తుల తీరు ఏడాది సూచిస్తే, అది మాతృజట్టు వాడిన ఏడాది కావచ్చు, ఈ కుర్రవాడు తొడుక్కున్నది తర్వాతి ఏడాది కావచ్చు. భుజం మీద 1939 నాటి బేస్‌బాల్ శతాబ్ది గుర్తు ఉంటే ఆ ఏడాదికి ముందు తీసినది కాదని మాత్రం చెప్పవచ్చు. చేతి తొడుగు వేళ్లను కలుపుతూ తోలుదారం ఉందా లేదా, మైదానంలో గడ్డి మీద తొడుగులు వదిలేసి ఉన్నాయా అన్నవి కూడా ఆధారాలే. ఆటగాళ్లు బ్యాటింగ్‌కు వెళ్తూ తొడుగును మైదానంలోనే పడేసి పోయే అలవాటును 1954లో నిషేధించారు.

బొమ్మ బయట ఉన్న ఆధారాలు అంతకన్నా బలమైనవి. మైనర్ లీగ్ గణాంకవేత్త విలియం జె. వైస్ యుద్ధానంతర కాలం నుంచి దశాబ్దాలపాటు ఆటగాళ్లచేత ప్రశ్నావళులు నింపించి భద్రపరిచాడు. పుట్టినతేదీ, ఊరు, ముద్దుపేరు, పూర్వికుల జాతి, అభిరుచులు, ఆటలో ఎదురైన వింత అనుభవం — ఆటగాడే స్వదస్తూరీతో రాసినవి. అవి నేడు వంశవృక్ష పరిశోధన వెబ్‌సైటులో డిజిటల్ రూపంలో ఉన్నాయి. 'ది స్పోర్టింగ్ న్యూస్' నిర్వహించిన ఒప్పంద కార్డులను లాస్ ఏంజెలెస్‌లోని ఎల్ఎ84 ఫౌండేషన్ అందుబాటులో ఉంచింది. ఏ ఆటగాడు ఏ తేదీన ఏ జట్టు నుంచి ఏ జట్టుకు వెళ్లాడో ఒక్కో కార్డు మీద వరుసగా టైపు చేసి ఉంటుంది. 1971లో కూపర్స్‌టౌన్‌లో పదహారు మంది కలిసి స్థాపించిన అమెరికన్ బేస్‌బాల్ పరిశోధన సంఘం సభ్యులు పాత పత్రికల స్కోరు పట్టికలను కూర్చి మైనర్ లీగ్ రికార్డులను పునర్నిర్మిస్తున్నారు. వెనుకవైపు ఇంటిపేరు, తేదీ ముద్ర ఉంటే చాలు, ఈ మూడింటితో సరిచూసి మనిషిని పట్టుకోవచ్చు. అవి రెండూ లేకపోతే ఎంత గొప్ప సమాచారనిధి ఉన్నా వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

పాఠకుల సహాయంతో జరిగిన గుర్తింపుకూ మంచి ఉదాహరణ ఉంది. జార్జ్ గ్రాంథమ్ బెయిన్ వార్తాచిత్రాల సంస్థకు చెందిన దాదాపు 40,000 గాజు నెగటివ్‌లు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి. చాలావాటి మీద ఇంటిపేరు మాత్రమే, అదీ ఒక్కోసారి తప్పు వర్ణక్రమంతో గీసి ఉంటుంది. 2008లో ఆ గ్రంథాలయం వాటిని ఫ్లికర్‌లో ఉంచి వివరాలు చెప్పమని లోకాన్ని అడిగింది. బేస్‌బాల్ అభిమానులు మైదానపు కంచె మీది ప్రకటన పలకలను బట్టి, మేడల ఆకారాన్ని బట్టి ఆటగాణ్నే కాక ఆట జరిగిన రోజును కూడా తేల్చిన సందర్భాలున్నాయి. నిపుణుల వ్యాఖ్యలను పరిశీలించాకే గ్రంథాలయం తన రికార్డును సవరించింది. ఆ క్రమశిక్షణే ఇందులో మెచ్చదగినది.

నేటి ఆటగాడికి ఈ బాధ లేదు. 2009లో ఉత్తరప్రదేశ్ యువకులు రింకూ సింగ్, దినేష్ పటేల్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున ఫ్లారిడాలోని గల్ఫ్ కోస్ట్ లీగ్‌లో బంతులు విసిరారు. అది మైనర్ లీగుల్లో అట్టడుగు మెట్టు. అయినా వారు వేసిన ప్రతి ఇన్నింగ్సు ఇంట్లో కూర్చుని చూడగల పట్టికలో ఉంది. 1930లలో అదే మెట్టు మీద నిలబడ్డవాడికి ఆ హామీ లేదు.

6. సొరుగులో లేని ముఖాలు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఈ సేకరణలు సమగ్రమైనవని అనుకోకూడదు. 1880ల చివరి నుంచి 1946 వరకు శ్వేతజాతి యాజమాన్యంలోని లీగులు నల్లజాతి ఆటగాళ్లను, అరుదైన మినహాయింపులు తప్ప, మైదానంలోకి రానివ్వలేదు. రాసిన నియమం లేదు, పెద్దమనుషుల ఒప్పందం మాత్రమే. కనుక ఆ కాలపు ఊరి పాత్రికేయుని సొరుగులో ఆ ముఖాలు లేవు. ఉన్నవాటిని లెక్కించే పరిశోధకుడు లేనివాటిని కూడా లెక్కలో ఉంచుకోకపోతే వెలివేతను సహజస్థితిగా పొరబడతాడు. 1946 ఏప్రిల్ 18న జెర్సీ సిటీలో మాంట్రియల్ రాయల్స్ తరఫున జాకీ రాబిన్సన్ మైదానంలో దిగి, ఒక హోమ్ రన్‌తో సహా నాలుగు హిట్లు కొట్టాడు. ఆ రోజు మైదానం మైనర్ లీగ్‌దే. పిట్స్‌బర్గ్ కొరియర్ పాత్రికేయుడు వెండెల్ స్మిత్ ఆ ఏడాది రాబిన్సన్‌కు తోడుగా తిరిగాడు. ఆయన కాగితాలను భార్య వయొనెల్లా 1996లో హాల్ ఆఫ్ ఫేమ్ గ్రంథాలయానికి ఇచ్చింది.

అదే పత్రిక ఫొటోగ్రాఫరు చార్లెస్ 'టీనీ' హారిస్ తీసిన దాదాపు 80,000 నెగటివ్‌లను కార్నెగీ కళాప్రదర్శనశాల 2001లో సంపాదించింది. వాటిలో చాలావాటికి పేర్లు లేవు. ప్రదర్శనశాలవారు పిట్స్‌బర్గ్ నల్లజాతి సమాజంలోని వృద్ధులను పిలిచి బొమ్మలు చూపించి, వారు చెప్పినవి నమోదు చేశారు. వెనుక రాత లేనిచోట ఊరి జ్ఞాపకాన్ని వెనుక రాతగా మార్చుకున్న పద్ధతి ఇది. అయితే ఆ జ్ఞాపకానికి ఆయుఃపరిమితి ఉంది. ఆలస్యం చేసినకొద్దీ అడగడానికి మనుషులు మిగలరు.

నమోదు కావడం ఎల్లప్పుడూ మేలే చేస్తుందనీ చెప్పలేం. అమెరికా మూలవాసి క్రీడాకారుడు జిమ్ థోర్ప్ 1909, 1910 వేసవుల్లో డి తరగతి ఈస్టర్న్ కెరొలినా లీగ్‌లో కొద్ది డబ్బుకు ఆడాడు. కళాశాల విద్యార్థులు చాలామంది ఆ రోజుల్లో మారుపేర్లతో ఆడేవారు, థోర్ప్ సొంత పేరుతో ఆడాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచాడు. 1913 జనవరిలో మసాచుసెట్స్‌లోని వూస్టర్ పత్రిక ఒకటి అతని మైనర్ లీగ్ సంగతి బయటపెట్టింది. డబ్బు తీసుకున్నవాడు ఔత్సాహికుడు కాడంటూ పతకాలు వెనక్కి తీసుకున్నారు. అభ్యంతరం ముప్పై రోజుల్లో చెప్పాలన్న నిబంధన ఎవరికీ గుర్తురాలేదు. 1982లో సహవిజేతగా, 2022లో ఏకైక విజేతగా అతని పేరు పునరుద్ధరించారు. అప్పటికి అతడు మరణించి అరవై తొమ్మిదేళ్లు. మారుపేరు పెట్టుకున్నవారు శిక్ష తప్పించుకున్నారు, దానితోపాటు చరిత్రనుంచీ తప్పుకున్నారు. అలాంటి ఆటగాడి ఛాయాచిత్రం వెనుక ఉన్న పేరు నిజమైన పెన్సిల్ రాతే, కానీ నిజమైన పేరు కాదు.

7. చెదిరిన సేకరణలు

ఛాయాచిత్రాలకు శత్రువులు చాలా ఉన్నాయి. 1950ల ముందరి నైట్రేట్ ఫిల్ము జిగటగా మారి కరుగుతుంది, అంటుకుంటే ఆర్పడం కష్టం. తర్వాతి అసిటేట్ ఫిల్ము వెనిగర్ వాసనతో ముడుచుకుపోతుంది. చల్లని గది, ఆమ్లరహిత కవరు వీటిని నెమ్మదింపజేస్తాయి. చల్లదనం ఆపలేనిది ఒకటుంది, అది విక్రయం.

గత ఇరవై ఏళ్లలో అమెరికా పత్రికలు ఆదాయం తగ్గి, కార్యాలయాలు కుదించుకుంటూ తమ మోర్గ్‌లను అమ్మివేశాయి. కొన్నవారు బొమ్మలను స్కాన్ చేసి పత్రికకు డిజిటల్ ప్రతులిచ్చి, కాగితపు ప్రతులను విడివిడిగా వేలానికి పెట్టారు. చార్లెస్ కాన్లన్ నెగటివ్‌ల చరిత్ర ఈ సందర్భంలో తెలుసుకోదగినది. న్యూయార్క్ టెలిగ్రామ్‌లో ప్రూఫ్ రీడరుగా పనిచేస్తూ, 1904 నుంచి దాదాపు నలభై ఏళ్లు ఆటగాళ్ల బొమ్మలు తీసినవాడు కాన్లన్. పత్రిక క్రీడాసంపాదకుడు జాన్ బి. ఫోస్టర్ ప్రోత్సాహంతో ఆ వ్యాపకం మొదలైంది. మిగిలిన నెగటివ్‌లు ఏళ్ల తరబడి 'ది స్పోర్టింగ్ న్యూస్' భాండాగారంలో ఒకేచోట ఉన్నాయి. 2010లో అవి ఒక వ్యాపారికి అమ్ముడయ్యాయి, ఆ వ్యాపారి మోసం కేసులో చిక్కుకోవడంతో న్యాయస్థానం అధీనంలోకి వెళ్లాయి, 2016లో వేలానికి వచ్చాయి. 7,400కు పైగా నెగటివ్‌లు దాదాపు 17.9 లక్షల డాలర్లకు ఒకే కొనుగోలుదారుకు దక్కాయి. విడిపోకుండా ఉండటం అదృష్టం. ఆ అదృష్టానికి కారణం వాటిలోని ప్రసిద్ధ ముఖాలు. డి తరగతి ఆటగాళ్ల కవర్లను గంపగుత్తగా కాపాడే ధర ఎవరూ పెట్టరు.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. వేలం వెబ్‌సైట్లలో అమ్మకందారు బొమ్మ వెనుకవైపును తప్పకుండా చూపిస్తాడు. ఆ కాలపు ముద్ర ఉంటేనే అది అసలు ప్రతి అని రుజువు, రుజువుంటేనే ధర. కొన్ని గ్రంథాలయాలు వదిలేసిన వెనుకవైపును విపణి వదలలేదు. కానీ విపణికి కావలసింది ఒక్కో బొమ్మ వెనుకవైపు మాత్రమే. ఒక పాత్రికేయుడు ఎవరి పక్కన ఎవరిని ఉంచాడు, ఏ కవరులో పన్నెండు బొమ్మలున్నాయి, ఏ కవరు ఖాళీగా ఉంది అన్న సమాచారం విపణికి సరుకు కాదు. అభిలేఖాగార శాస్త్రం దాన్ని మూలక్రమం అంటుంది. సృష్టికర్త ఉంచిన వరుసను చెరపకూడదన్నది ఆ శాస్త్రపు తొలి పాఠాల్లో ఒకటి. ఒక బొమ్మ వెనుక పేరు లేకపోయినా, అది ఉన్న కవరు మీద ఊరి పేరు, ఏడాది ఉంటే వెతకడానికి దారి దొరుకుతుంది. కవరు నుంచి బొమ్మను తీసి విడిగా అమ్మిన క్షణంలో ఆ దారి మూసుకుపోతుంది. దాన్ని మళ్లీ తెరవడానికి ఏ సాంకేతికతా పనికిరాదు.

2021 నుంచి మేజర్ లీగ్ సంస్థ మైనర్ లీగ్ అనుబంధ జట్లను 160 నుంచి 120కి తగ్గించింది. నలభైకి పైగా జట్లు ఆ గుర్తింపు కోల్పోయాయి. కొన్ని వేరే లీగుల్లో చేరాయి, కొన్ని మూతపడ్డాయి. ఆ ఊళ్లలో కొన్నింట దినపత్రిక కూడా మిగలలేదు. ఈసారి బొమ్మలు ఫోన్లలో, తెరల మీద, జట్టు వెబ్‌సైట్లలో ఉన్నాయి. వెబ్‌సైటు అద్దె కట్టేవారు లేకపోతే ఆ పుట తెరుచుకోదు. వెనక్కి తిప్పి చూడటానికి ఆ బొమ్మకు వెనుకవైపే లేదు.

హార్వెల్, డాపర్ 1948లో చేతులు మారినా, అప్పుడు గానీ ఆ తర్వాత చాలా కాలం గానీ ఒకరినొకరు చూసుకోలేదు. 2002 సెప్టెంబరులో డెట్రాయిట్ మైదానంలో హార్వెల్ విగ్రహం ఆవిష్కరించిన రోజున, నిర్వాహకుల ఆహ్వానంపై డాపర్ అక్కడికి వచ్చాడు. యాభై నాలుగేళ్ల తర్వాత వాళ్లిద్దరూ అక్కడ మొదటిసారి కరచాలనం చేసుకున్నారు.